హావ్‌లాక్‌లో ఓపెన్ వాటర్ కోర్సు: దిగడం, తేలడం, పగడాన్ని తాకకుండా తిరగడం – నా అనుభవం

అండమాన్ వెళ్లొచ్చినవాళ్లు "స్కూబా చేశాం" అన్నారంటే పదిమందిలో తొమ్మిదిమంది చేసింది టూరిస్టు డైవే. ఇన్‌స్ట్రక్టర్ వెనక నించి సిలిండర్ పట్టుకుని తిప్పుతాడు, గాలి ఎక్కించడం, దించడం అన్నీ అతనే చూసుకుంటాడు, మనం ఊపిరి పీలుస్తూ కూర్చోవడమే. దానికి లోతు 12 మీటర్లు దాటకూడదని నియమం. సముద్రం లోపల ఎలా ఉంటుందో ఒకసారి చూడడానికి అది చాలు. కానీ డైవింగ్ రావాలంటే ఓపెన్ వాటర్ కోర్సు చేయాలి. మూడు నాలుగు రోజులు పడుతుంది. థియరీ, లోతు తక్కువ నీళ్లలో సాధన, తర్వాత సముద్రంలో నాలుగు డైవ్‌లు. పాస్ అయితే 18 మీటర్ల దాకా, ఇంకో సర్టిఫైడ్ డైవర్ తోడుగా, ప్రపంచంలో ఎక్కడైనా దిగొచ్చు. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పాడీ అయినా ఎస్ఎస్ఐ అయినా నేర్పేది దాదాపు ఒకటే; కార్డు మీద పేరు కన్నా నేర్పే మనిషి ముఖ్యం.

నేను ఈ కోర్సు అండమాన్‌లోని హావ్‌లాక్‌లో చేశాను. 2018లో ఆ ద్వీపం పేరు స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు గానీ జెట్టీ దగ్గరా, బోట్ల మీదా ఇంకా హావ్‌లాక్ అనే అంటారు. మన దేశంలో పగడాల మధ్య నేర్చుకోవడానికి ఇంతకంటే అనువైన చోటు తక్కువ. ఒడ్డు నించే నడిచి దిగగలిగే నీమో రీఫ్ ఉంది, బోటులో కాసేపట్లో చేరే లైట్‌హౌస్, అక్వేరియం లాంటి లోతు తక్కువ సైట్లున్నాయి. నీళ్లు ఏడాది పొడుగునా 27 నించి 30 డిగ్రీల మధ్య ఉంటాయి. అక్టోబరు నించి మే దాకా సీజను. అందులో జనవరి నించి ఏప్రిల్ దాకా సముద్రం నిదానంగా ఉంటుంది. నైరుతి రుతుపవనాల్లో డైవింగ్ పూర్తిగా ఆగిపోదు గానీ అలలకి బోట్లు రద్దవుతూ ఉంటాయి. నాలుగు రోజుల కోర్సు పెట్టుకుని వర్షాకాలంలో వెళ్లడం మంచిది కాదు.

బయల్దేరకముందే తేల్చుకోవలసింది ఆరోగ్యం. కోర్సు మొదట్లో ఒక మెడికల్ ఫారం ఇస్తారు. ఆస్తమా, మూర్ఛ, గుండెజబ్బు, ఊపిరితిత్తుల ఆపరేషన్, చెవి ఆపరేషన్, సైనస్, గర్భం, ఇలాంటి ప్రశ్నలుంటాయి. ఏ ఒక్కదానికి 'అవును' అని రాయాల్సి వచ్చినా డాక్టర్ సంతకం లేకుండా నీళ్లలోకి దింపరు. ద్వీపంలో దిగాక ఆ సంతకం కోసం తిరగడం కష్టం. ఫారం ముందే తెప్పించుకుని ఊళ్లోనే డాక్టరుకి చూపించాలి. చెవి గురించి అనుమానముంటే ఈఎన్‌టీ దగ్గరికి తప్పకుండా వెళ్లాలి. డబ్బు కట్టేశాం కదా అని అన్నిటికీ 'కాదు' అని టిక్కులు పెట్టేవాళ్లుంటారు. ఆస్తమా ఉన్న ఊపిరితిత్తిలో గాలి ఒక మూల చిక్కుకుపోయి, పైకి వచ్చేటప్పుడు వ్యాకోచిస్తే ఏమవుతుందో థియరీ పాఠంలో చెప్తారు. ఆ పాఠం విన్నాక ఎవరూ అబద్ధం రాయరు. జలుబు చేస్తే డైవ్ లేదు. ముక్కు చుక్కలు వేసుకుని దిగితే లోపల ఉండగా మందు ప్రభావం దిగిపోతుంది, పైకి వచ్చేటప్పుడు చెవిలో గాలి బయటికి రాలేక ఇరుక్కుంటుంది. దిగేటప్పుడు నొప్పేస్తే వెనక్కి రావొచ్చు. ఎక్కేటప్పుడు నొప్పేస్తే ఎంతోసేపు ఆగలేం, ఎందుకంటే గాలి అయిపోతూ ఉంటుంది.

ఈత రావాలా అని చాలామంది అడుగుతారు. టూరిస్టు డైవ్‌కి అక్కర్లేదు. కోర్సుకి కావాలి: ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, లేదా మాస్కూ, ఫిన్సూ (కాళ్లకి తొడిగే రెక్కలు), స్నార్కెలూ (నోట్లో పెట్టుకునే గాలి గొట్టం) పెట్టుకుని 300 మీటర్లు, ఆపైన ఏ ఆధారం లేకుండా 10 నిమిషాలు తేలాలి. వేగం ఎవరూ చూడరు. బావిలో, కాలవలో నేర్చుకున్న ఈతైనా చాలు.

థియరీలో లెక్క ఒకటే, దాని చుట్టూనే అంతా తిరుగుతుంది. ఒడ్డున గాలి ఒత్తిడి 1 బార్. నీళ్లలో ప్రతి 10 మీటర్లకీ ఇంకో బార్ కలుస్తుంది. 10 మీటర్ల దగ్గర 2 బార్లు, 18 మీటర్ల దగ్గర 2.8. ఒత్తిడి రెట్టింపైతే గాలి సగానికి కుదించుకుపోతుంది, పైకి వస్తుంటే అదే గాలి మళ్లీ వ్యాకోచిస్తుంది. ఇక్కడ గమనించాల్సింది, అన్నిటికంటే పెద్ద మార్పు మొదటి 10 మీటర్లలోనే వస్తుంది. 20 నించి 10 మీటర్లకి వస్తే గాలి ఒకటిన్నర రెట్లవుతుంది. 10 నించి పైకి వస్తే రెండు రెట్లు. లోతు తక్కువైతే ప్రమాదం తక్కువ అనుకోవడం అందుకే తప్పు. నిండా పీల్చిన ఊపిరి బిగబట్టి మీటరున్నర పైకి లేచినా ఊపిరితిత్తి చిరిగే అవకాశముంది. అందుకే మొదటి నియమం: ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) నోట్లో లేని క్షణంలో కూడా సన్నగా బుడగలు వదులుతూనే ఉండాలి.

తర్వాత సామాను బిగించడం. మొదటి రోజు ఇన్‌స్ట్రక్టర్ చేసి చూపిస్తాడు, రెండో రోజు నించి మన పని మనదే. సిలిండర్ అల్యూమినియంది, 11 లీటర్ల నీళ్లు పట్టేంతది, 200 బార్ల దాకా నింపుతారు. ముందు బీసీడీ (గాలి నింపితే తేల్చే, వదిలితే దించే జాకెట్) పట్టీ తడపాలి. పొడిగా ఉన్న పట్టీ బిగించి నీళ్లలోకి దిగితే అది నాని సాగుతుంది, డైవ్ మధ్యలో సిలిండర్ జారుతుంది. పట్టీ బిగించాక బీసీడీని భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తి కుదపాలి. సిలిండర్ కదిలితే మళ్లీ బిగించాలి. తర్వాత వాల్వ్ నోట్లో ఓ-రింగ్ ఉందో లేదో, చీలిందో లేదో వేలితో తడిమి చూడాలి. ఈ చిన్న రబ్బరు వలయం పాడైతే వాల్వ్ తిప్పగానే బుస్సుమని గాలి పోతుంది. దీనివల్ల బోటు మీదే డైవ్ ఆగిపోవచ్చు, అందుకే తెలిసినవాళ్లు జేబులో రెండు మూడు ఓ-రింగులు పెట్టుకుంటారు.

ఫస్ట్ స్టేజ్‌ని (రెగ్యులేటర్‌లో సిలిండర్‌కి తగిలించే భాగాన్ని) వాల్వ్ మీద కూర్చోబెట్టి మర చేత్తో బిగిస్తే చాలు, బలంగా తిప్పక్కర్లేదు. ఒత్తిడి వచ్చాక అదే బిగుస్తుంది. మనం నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్, పసుపు గొట్టం ఉన్న ఆక్టోపస్ (తోటి డైవర్‌కి ఇవ్వడానికి ఉంచుకునే రెండో రెగ్యులేటర్) కుడిపక్కకి రావాలి. బీసీడీకి గాలి ఇచ్చే గొట్టం, గాలి మీటరు ఎడమ పక్కకి. వాల్వ్ తెరిచేటప్పుడు మీటరు అద్దం మన ముఖం వైపు ఉండకూడదు. మెల్లగా తిప్పడం మొదలుపెట్టి పూర్తిగా తెరవాలి. ఆ తర్వాత చాలామంది వదిలేసే పరీక్ష ఒకటుంది: మీటరు చూస్తూ రెగ్యులేటర్ నించి నాలుగైదు సార్లు గట్టిగా పీల్చాలి. ముల్లు కదలకుండా నిలబడితే సరే. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడి మళ్లీ లేస్తుంటే వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదని అర్థం. ఒడ్డున ఆ కొంచెం గాలి సరిపోయినట్టే ఉంటుంది. 15 మీటర్ల దగ్గర ఒక్కో శ్వాసకీ రెండున్నర రెట్లు గాలి కావాలి, అప్పుడు అందదు. గాలికి నూనె వాసనో, పొగ వాసనో ఉంటే ఆ సిలిండర్ పక్కన పెట్టేయాలి.

మాస్క్ గురించి రెండు మాటలు. తాడు తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో పీల్చితే అతుక్కుని నిలబడాలి, అదే సరైన సైజు. మీసం దట్టంగా ఉన్నవాళ్లకి పై పెదవి దగ్గర నీళ్లు కారతాయి; ముక్కు కింద సన్నగా ఒక గీత మేర గొరిగితే తగ్గుతుంది. పొడుగు జుట్టువాళ్లకి నుదుటి మీద ఒక్క వెంట్రుక మాస్క్ అంచు కింద ఇరుక్కున్నా అక్కణ్నించే కారుతుంది. జడ కిందికి వేసుకుని నుదురంతా వెనక్కి తోసుకోవాలి. కళ్లద్దాల వాళ్లకి పవర్ ఉన్న మాస్కులు కొన్ని సెంటర్లలో దొరుకుతాయి, ముందే అడగాలి. నీళ్లలో వస్తువులు మూడో వంతు పెద్దగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి కొద్దిపాటి పవర్ ఉన్నవాళ్లు మామూలు మాస్క్‌తోనే నెట్టుకొస్తారు.

సాధన నడుము లోతు నీళ్లలో మొదలవుతుంది. ఇరవైకి పైగా నైపుణ్యాలుంటాయి గానీ జనం ఇబ్బంది పడేది ఒకదానితోనే: మాస్క్‌లో నీళ్లు నింపి ఖాళీ చేయడం. చేయాల్సింది ఇంతే. నుదుటి దగ్గర మాస్క్ పై అంచుని రెండు వేళ్లతో నొక్కి పట్టుకోవాలి, ముక్కుతో మెల్లగా, పొడుగ్గా గాలి వదలాలి, వదులుతూ తల పైకెత్తాలి. గాలి పైన చేరి నీళ్లని కింది అంచు నించి తోసేస్తుంది. మరి తప్పేదెక్కడ? కంగారులో ముక్కుతో కాకుండా నోటితో వదులుతారు, అప్పుడు బుడగలన్నీ రెగ్యులేటర్ నించి పోతాయి, మాస్క్‌లో నీళ్లు అలాగే ఉంటాయి. లేదా చీదినట్టు ఒక్కసారి బలంగా వదులుతారు. గాలంతా పక్కల నించి పోతుంది. లేదా వదలడం మొదలెట్టకముందే తల ఎత్తేస్తారు, నీళ్లు ముక్కులోకి పోతాయి. అసలు మూలం ఇంకా వెనకుంది: ముఖం మీద నీళ్లుండగా నోటితోనే పీల్చడం మనకి అలవాటు లేదు. దీన్ని ఇంట్లోనే నేర్చుకోవచ్చు. బక్కెట్ నిండా నీళ్లు పోసి, స్నార్కెల్ నోట్లో పెట్టుకుని, మాస్క్ లేకుండా ముఖం ముంచి రెండు మూడు నిమిషాలు నోటితో పీల్చి ముక్కుతో వదలాలి. పక్కన ఎవరైనా పెద్దవాళ్లుండగా వారం రోజులు చేసి వెళ్తే హావ్‌లాక్‌లో ఒక పూట మిగులుతుంది.

నోట్లోంచి జారిన రెగ్యులేటర్‌ని వెతికి పట్టుకోవడం సులువు: కుడిపక్కకి వాలి, కుడిచెయ్యి తొడని తాకిస్తూ వెనక్కి తీసుకెళ్లి పెద్దగా చుట్టు తిప్పి ముందుకి తెస్తే గొట్టం చెయ్యి మీదికి వచ్చి పడుతుంది. నోట్లో పెట్టుకున్నాక ముందు గాలి ఊది లోపలి నీళ్లు పోగొట్టాలి, తర్వాతే పీల్చాలి. ఊదడానికి ఊపిరి లేకపోతే రెగ్యులేటర్ మీద గాలి తోసే పర్జ్ బటన్ నొక్కాలి, నొక్కేటప్పుడు నాలుకని అంగిలికి అడ్డం పెడితే నీళ్లు గొంతులోకి పోవు. గాలి అయిపోయిందని గొంతు మీద చెయ్యి అడ్డంగా కోసినట్టు చూపిస్తే తోటి డైవర్ ఆక్టోపస్ ఇస్తారు. ఒకరి ముంజేయి ఒకరు పట్టుకుని కలిసి పైకి వస్తారు. సైగల్లో ఒకటి మాత్రం మనసుకి ఎక్కించుకోవాలి: బొటనవేలు పైకి చూపిస్తే 'బాగుంది' కాదు, 'పైకి పోదాం'. బాగుందనడానికి బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. సంతోషం పట్టలేక బొటనవేలు చూపించి డైవ్ అక్కడే ముగించుకున్న జంటలు హావ్‌లాక్‌లో రోజూ ఉంటారు.

ఇక చెవులు. కొత్తవాళ్ల డైవ్ సగంలో ఆగిపోవడానికి మొదటి కారణం ఇవే. కర్ణభేరి వెనక ఉన్న గాలి గది గొంతులోకి సన్నని గొట్టంతో కలిసి ఉంటుంది. దిగేకొద్దీ ఆ గదిలో గాలి కుదించుకుపోతుంది, కర్ణభేరి లోపలికి వంగుతుంది. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే గొట్టం తెరుచుకుని సర్దుకుంటుంది. నొప్పి వచ్చాక కాదు, రాకముందే చేయాలి. నీళ్ల పైన ఉండగానే ఒకసారి, తర్వాత ప్రతి అర మీటరుకి. రెండు మూడు మీటర్లు పట్టించుకోకుండా దిగిపోతే గొట్టం మూత ఒత్తిడికి బిగుసుకుపోతుంది, అప్పుడు ఎంత ఊదినా తెరుచుకోదు. అలాంటప్పుడు ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. బలంగా ఊదితే లోపలి చెవి దెబ్బతిని వినికిడికే ఎసరు వస్తుంది. తాడు పట్టుకుని, కాళ్లు కిందికి, తల పైకి పెట్టి దిగితే సులభంగా సర్దుకుంటాయి. తలకిందులుగా ఈదుకుంటూ దిగితే కష్టం. ఒక చెవి తొందరగా, ఇంకోటి ఆలస్యంగా తెరుచుకోవడం మామూలే. తెరుచుకోని చెవి పైకి వచ్చేలా తల వంచి మింగుతూ ఊదాలి. ఎంత ప్రయత్నించినా కుదరకపోతే ఆ రోజుకి ఆపేయడమే. దిగుతూ మధ్యమధ్యలో ముక్కుతో కాస్త గాలి మాస్క్‌లోకి కూడా వదలాలి. లేకపోతే మాస్క్ ముఖాన్ని పీల్చేసి కళ్లలో రక్తం చిమ్మినట్టు ఎర్రబడుతుంది.

ఇంతవరకూ చెప్పింది ఏ సముద్రంలోనైనా కావాల్సిందే. పగడాల దగ్గర అసలు విద్య వేరే ఉంది: బరువు. నడుముకి కట్టుకునే సీసపు బిళ్లలు ఎన్ని కిలోలుండాలన్న ప్రశ్నని నేను అన్నిటికంటే ముందు పెడతాను. కొత్తవాళ్లని త్వరగా కిందికి దింపాలని కొన్నిచోట్ల అవసరానికి మించి మూడు నాలుగు కిలోలు ఎక్కువ కట్టేస్తారు. దిగడం సులువవుతుంది, మిగతాదంతా కష్టమవుతుంది. ఎందుకో లెక్క వేసి చూడండి. 3 కిలోలు అదనంగా ఉంటే మునిగిపోకుండా ఉండడానికి బీసీడీలో 3 లీటర్ల గాలి అదనంగా ఉండాలి. 10 మీటర్ల దగ్గరున్న ఆ 3 లీటర్లు 5 మీటర్లకి వచ్చేసరికి 4 లీటర్లవుతాయి. అంటే మీరేమీ చేయకుండానే ఒక కిలో బలం మిమ్మల్ని పైకి లాగుతుంది. గాలి వదులుతారు, ఎక్కువ వదిలేస్తారు, మునుగుతారు, మళ్లీ ఎక్కిస్తారు. డైవ్ అంతా ఈ బటన్ల మీదే గడిచిపోతుంది. సరైన బరువున్నవాళ్ల బీసీడీలో గాలి తక్కువ, కాబట్టి లోతు మారినా వచ్చే తేడా తక్కువ, ఊపిరితోనే సర్దుకుంటారు.

సరైన బరువు కనుక్కోవడం ఇలా. ఒళ్లంతా సామానుతో, నిలువుగా, కాళ్లు ఆడించకుండా నీళ్లలో ఉండాలి. బీసీడీ గాలి పూర్తిగా వదిలేయాలి. మామూలు ఊపిరి పీల్చి ఆగితే నీటి మట్టం కళ్ల దగ్గర ఉండాలి, వదిలితే మెల్లగా మునగాలి. ఒక్క క్షణం కోసం ఊపిరి ఆపే ఈ పరీక్ష నీళ్ల పైనే చేస్తాం కాబట్టి దీంతో ప్రమాదం లేదు. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు చేస్తే దానికి ఇంకో 2 కిలోలు కలపాలి, ఎందుకంటే డైవ్ చివరికి సుమారు 2 కిలోల గాలి వాడేస్తాం, ఖాళీ అల్యూమినియం సిలిండర్ తేలుతుంది. 3 మిల్లీమీటర్ల మందం వెట్‌సూట్ (రబ్బరు డైవింగ్ సూట్) వేసుకున్నవాళ్లకి శరీరం బరువులో ఇరవయ్యో వంతు దగ్గర మొదలుపెట్టి సర్దుకోవచ్చు. హైదరాబాద్‌లో స్విమ్మింగ్ పూల్‌లో సాధన చేసి వచ్చినవాళ్లకి అక్కడి బరువు ఇక్కడ చాలదు. ఉప్పునీరు రెండు కిలోల పైచిలుకు ఎక్కువ అడుగుతుంది.

బరువు కుదిరాక శ్వాస. డైవ్‌లో పీల్చే నిదానమైన, పొడుగాటి శ్వాసలో ఊపిరితిత్తుల గాలి లీటరు, లీటరున్నర మారుతుంది. నీళ్లలో అది కిలో, కిలోన్నర బలం. పీలిస్తే లేస్తారు, వదిలితే దిగుతారు. కాకపోతే వెంటనే కాదు, ఒకటి రెండు సెకన్ల తర్వాత. కొత్తవాళ్లు ఆ ఆలస్యం తెలియక పీల్చాక లేవలేదని కాళ్లు కొడతారు, తర్వాత అవసరానికి మించి లేస్తారు. అడుగున బోర్లా పడుకుని, ఫిన్స్ కొనలు మాత్రం ఇసుకని తాకేలా ఉంచి, పీలుస్తూ భుజాలు లేవడం, వదులుతూ దిగడం గమనించే సాధన ఒకటి చేయిస్తారు. తొందరపడకుండా దాని మీదే సమయం పెట్టండి. చేతులు ఆడించే అలవాటు మానాలి; రెండు చేతులు ఛాతీ ముందు కట్టుకుంటే ఆ అలవాటు పోతుంది.

బరువంతా నడుముకే ఉంటే కాళ్లు వేలాడతాయి. శరీరం ఏటవాలుగా ఉంటే ఫిన్స్ ప్రతి దెబ్బకీ కిందున్న ఇసుకని లేపుతాయి. ఆ ఇసుక మెల్లగా పగడాల మీద పేరుకుంటుంది. దాన్ని దులుపుకోవడానికి పగడం జిగురు కారుస్తూ శక్తి ఖర్చుపెట్టుకోవాలి. ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి రెండు బిళ్లలు పైన సిలిండర్ పట్టీకి మార్పించుకుంటే శరీరం అడ్డంగా నిలుస్తుంది. వేలాడే ఆక్టోపస్, మీటరు క్లిప్పులకి తగిలించుకోవాలి. కప్ప ఈదినట్టు కాళ్లు పక్కలకి తోసే పద్ధతిలో కిందికి నీళ్లు కొట్టవు. రీఫ్ మీద అదే వాడాలి.

గాలి లెక్క కూడా లోతుతో కట్టిందే. 200 బార్ల సిలిండర్‌లో సుమారు 2,200 లీటర్లు. 50 బార్లు ముట్టుకోకుండా ఉంచాలి కాబట్టి వాడుకోగలిగేది 1,650. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 10 మీటర్ల దగ్గర 40 పీలుస్తాడు, 41 నిమిషాలు వస్తాయి. 18 మీటర్ల దగ్గర 56. అరగంట కూడా రాదు. కంగారుపడితే, ఎదురు ప్రవాహంలో ఈదితే ఇది ఇంకా పడిపోతుంది. గాలి త్వరగా అయిపోతోందని ఊపిరి తగ్గించి పీల్చడం పొరపాటు, తలనొప్పి వస్తుంది. పొడుగ్గా వదలడం మీద దృష్టి పెడితే పీల్చడం అదే నెమ్మదిస్తుంది. 100 బార్ల దగ్గర ఒకసారి, 70 దగ్గర ఒకసారి ఇన్‌స్ట్రక్టర్‌కి చెప్పాలి.

పగడం రాయి కాదు, కొన్ని మిల్లీమీటర్ల జీవులు వేలల్లో కలిసి కట్టుకున్న సున్నపు ఇల్లు. వాటి కణాల్లో ఉండే నాచు ఎండ తీసుకుని ఆహారం తయారుచేసి వాటికి పెడుతుంది. ఆ రంగు చాలావరకు నాచుదే. నీటి వేడి మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచుని బయటికి పంపేస్తుంది, తెల్లబడుతుంది. అండమాన్‌లో 1998లో, 2010లో, 2016లో ఇలా జరిగింది. 2010 దెబ్బ పెద్దది. లోతు తక్కువ చోట్ల విరిగిన కొమ్ముపగడాల గుట్టలు కనిపిస్తే, వాటి మధ్య గోరంత గోరంత లేత కొమ్మలు మొలుస్తున్నాయేమో చూడండి. కొమ్ముపగడం ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరగగలదు. గుండ్రాయిలా ఉండే పొరైటిస్ సుమారు ఒక సెంటీమీటరే. రెండు మీటర్ల ఎత్తు గుండు అంటే రెండొందల ఏళ్ల వయసు. దాని మీద చెయ్యి ఆనించి ఫోటో దిగడం నేను ఒప్పుకోలేను. తాకిన చోట పైపొర చిట్లుతుంది, అక్కడ రోగం పట్టుకుంటుంది.

ఆ గుండు మీదే క్రిస్మస్ ట్రీ వార్మ్‌లుంటాయి. బొటనవేలి గోరంత, రెండు చిన్న రంగుల చెట్లు జంటగా పైకి లేచి ఉంటాయి. నీడ పడినా, నీళ్లు కదిలినా రెప్పపాటులో లోపలికి పోతాయి. మీ బాయన్సీకి (నీళ్లలో తేలే అదుపుకి) ఇంతకంటే మంచి పరీక్ష లేదు: అర మీటరు దూరంలో నిలబడి, శ్వాసతోనే ఎత్తు సర్దుకుంటూ అవి మళ్లీ బయటికి వచ్చేదాకా ఉండగలిగితే మీకు తేలడం వచ్చినట్టే. అనెమోన్‌లోని (పువ్వులా విచ్చుకునే సముద్రజీవిలోని) క్లౌన్ చేపల దగ్గర కూడా అంతే. గుంపులో పెద్దది ఆడది, దాని తర్వాతది మగది, ఆడది పోతే ఆ మగదే ఆడదిగా మారుతుంది. గుడ్లు ఉన్నప్పుడు ముఖం మీదికే దూసుకొస్తాయి, పాపం ఆ చిన్న ప్రాణానికి అంత ధైర్యం. రంగులు లోతుతో పోతాయని గుర్తుంచుకోండి. ముందు ఎరుపు పోతుంది, 10 మీటర్ల దగ్గర ఎర్ర చేప గోధుమరంగులో కనిపిస్తుంది. చిన్న టార్చి వేస్తే అసలు రంగు తిరిగి వస్తుంది.

భయపడాల్సినవి తక్కువ. టైటన్ ట్రిగ్గర్ ఫిష్ గూడు పెట్టుకున్న కాలంలో తరుముతుంది, కొరుకుతుంది. దాని హద్దు గూడు నించి పైకి గరాటాలా విచ్చుకుంటుంది, అందుకే పైకి పారిపోతే ఇంకా దాని ఇలాకాలోనే ఉంటాం. అడ్డంగా దూరం జరగాలి. లయన్ ఫిష్, స్టోన్ ఫిష్ వాటంతట అవి మీదికి రావు, అడుగున చెయ్యో కాలో పెడితేనే గుచ్చుకుంటాయి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, ఆ భాగాన్ని అరగంటకి పైగా ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. కట్ల కట్లగా ఉండే సముద్రపు పాము విషం గట్టిదే, స్వభావం మెత్తనిది. దారి వదిలితే దాని మానాన అది పోతుంది.

పైకి రావడం డైవ్‌లో అన్నిటికంటే నిదానంగా చేయాల్సిన పని. చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్లు చాలావరకు నిమిషానికి 9 మీటర్లు దాటితే అరుస్తాయి. మన చిన్న బుడగల కంటే మనం ముందుండకూడదు. వచ్చేకొద్దీ బీసీడీలో గాలి పెరుగుతుంటుంది, కొంచెం కొంచెం వదులుతూ రావాలి. ఇక్కడ వేలు పొరపాటున గాలి ఎక్కించే బటన్ మీద పడుతుంది. దిగకముందే కళ్లు మూసుకుని రెండు బటన్ల తేడా తడిమి అలవాటు చేసుకోవాలి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. ఒత్తిడిలో రక్తంలో, కండరాల్లో కరిగిన నత్రజని ఊపిరితో మెల్లగా బయటికి పోవడానికి ఆ సమయం. తొందరగా వస్తే అది ఒంట్లోనే బుడగలు కడుతుంది: కీళ్లనొప్పి, తిమ్మిరి, విపరీతమైన నీరసం, దురద. డైవ్ తర్వాత గంటల్లో ఇలాంటివి వస్తే 'బాగా ఈదాం కదా, ఒళ్లునొప్పులు' అనుకోకూడదు. స్వచ్ఛమైన ఆక్సిజన్ పట్టి డాక్టరుకి చూపించాలి. బోటులో ఆక్సిజన్ కిట్ ఉందా, సిలిండర్ నిండి ఉందా అన్నది డబ్బు కట్టకముందే అడగాల్సిన ప్రశ్న. దానితోపాటే అడగాల్సినవి: ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమంది విద్యార్థులు (నలుగురు మించితే నేను ఒప్పుకోను), సాధన ఏ భాషలో చెప్తారు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024లో దీని పేరు శ్రీ విజయపురంగా మార్చారు) శ్రీకాకుళం, విశాఖ వైపు నించి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, బోటు సిబ్బందిలో తెలుగు మాటలు వినిపించడం కొత్తేమీ కాదు. భద్రత విషయాలు ఇంగ్లిషులో సగం అర్థమైతే సొంత భాషలో మళ్లీ అడగడానికి మొహమాటపడకండి.

విమానం టిక్కెట్టు డైవ్‌ని బట్టి కొనాలి. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రోజుల తరబడి చేస్తే 18 గంటలు విమానం ఎక్కకూడదు. 24 ఉంచుకుంటే ఇంకా మంచిది. ఆఖరి డైవ్ పొద్దున ముగించి, సాయంత్రం ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ చేరి, రాత్రి అక్కడ పడుకుని మర్నాడు ఎక్కితే సరిపోతుంది. సామానులో పగడం ముక్కలు, శంఖాలు పెట్టుకోవద్దు. గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, విమానాశ్రయంలో తనిఖీ చేస్తారు.

డైవ్ అయ్యాక రెగ్యులేటర్‌ని మంచినీళ్లలో కడిగేముందు ఫస్ట్ స్టేజ్ మూత తుడిచి పెట్టాలి, లేకపోతే నీళ్లు లోపలికి పోయి తుప్పు పడుతుంది. చెవులు కూడా మంచినీళ్లతో కడిగి ఆరబెట్టుకోవాలి. రోజూ తడిగా ఉంటే మూడో రోజుకి చెవి బయటి గొట్టంలో పుండు మొదలవుతుంది. లాగ్‌బుక్‌లో లోతు, సమయంతోపాటు ఎన్ని కిలోల బరువు, ఏ సూట్, చివర్లో తేలారా మునిగారా అన్నది రాసుకోండి, తర్వాతి ట్రిప్పులో మొట్టమొదట పనికొచ్చేది అదే. జానీస్ గార్జ్, డిక్సన్స్ పినకిల్ లాంటి లోతైన సైట్లకి 30 మీటర్ల దాకా అనుమతించే అడ్వాన్స్‌డ్ కోర్సు కావాలి, దానికి ముందు 18 మీటర్లలోపే కొన్ని డైవ్‌లు చేసి తేలడం స్థిరపరచుకోవడం మేలు. ఆరు నెలలు దాటి విరామం వస్తే రిఫ్రెషర్ చేయాలి. మన విశాఖ రుషికొండ వైపు కూడా డైవింగ్ చేయిస్తారు. నీళ్లు హావ్‌లాక్ అంత తేటగా ఉండవు, రాళ్లే ఎక్కువ. చేతులు, చెవులు మళ్లీ అలవాటు పడడానికి ఆ రాళ్ల మీద చేసే డైవ్‌లు చక్కగా సరిపోతాయి.